తడి రాయి రంగు స్టేటస్ లైన్

సరైన రంగు లేని స్టేటస్ లైన్ మీద ఏ ప్రోగ్రామూ పుట్టరాదు. తాండూరులో అమర్‌నాథ్ ఇంటి ముందుగదిలో ఈ శాసనం అమల్లోకి వచ్చి ఇరవై రోజులైంది. (శాసనకర్త, అమలు అధికారి, బాధితుడు ముగ్గురూ అమర్‌నాథే.)

స్టేటస్ లైన్ అంటే ప్రోగ్రాం రాసే ఎడిటర్ అడుగున వేలెడు వెడల్పున ఉండే పట్టీ. ఫైలు పేరేమిటో, ఎన్నో వరుసలో ఉన్నామో చెబుతుంది. అంతకుమించి దానివల్ల లోకానికి ఒరిగేదేమీ లేదు. దాని పైన అమర్‌నాథ్ రాయాల్సింది మాత్రం చిన్న పని కాదు. సోమవారం నుంచి మార్కెట్ యార్డుకు కందులు వస్తాయి. ఏ రైతు ఏ రోజు రావాలో ఫోన్‌కు మెసేజ్ పంపే ప్రోగ్రాం ఇస్తానని యార్డు వాళ్లకు మాటిచ్చాడు. అది లేకపోతే పోయినేడాదిలాగే రైతులు బస్తాలతో మూడేసి రోజులు పడిగాపులు కాయాలి.

కనుక ముందు రంగు. వాళ్ల నాన్న కైలాసానికి రాయి పాలిష్ పట్టే యూనిట్ ఉంది. పట్టీకి తాండూరు నీలం రాయి రంగే ఉండాలని రంగుల మంజూరు విభాగం (మళ్లీ అమర్‌నాథే) తీర్మానించింది. నీళ్లు చల్లితేనే రాయి అసలు రంగు బయటపడుతుందని యూనిట్లో అందరికీ తెలుసు. అందుకని జానెడు ముక్క తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టుకుని, చెంబుతో నీళ్లు చల్లి, తెర మీద రంగు కలిపేవాడు. కలిసేలోగా రాయి ఆరిపోయేది. ఆరిన రాయితో పోల్చి మంజూరు చేయడం నాలుగో నిబంధనకు విరుద్ధం. దరఖాస్తు మొదటికొచ్చేది. మళ్లీ చెంబు.

"ఇగో, మెసేజ్‌ల పని ఏడిదాక వచ్చింది?" ఒలికిన నీళ్లు తుడుస్తూ అడిగింది భార్య నీలిమ.

"జర ఆగు. నీలం కుదిరింది. సేవ్ చెయ్యకుంటే పట్టీ ఎర్రగ కావాలె. గదొక్కటే మిగిలింది."

"సేవ్ చేసేటందుకు ఏమన్న రాసినవా మరి?"

ఆ ప్రశ్న విభాగం పరిధిలోకి రాదు. అమర్‌నాథ్‌కు సిగ్గేసిన మాట నిజమే గాని, సిగ్గుకు ఇంకా రంగు కేటాయించలేదు.

ఆదివారం పొద్దున యార్డులో ఇల్లు కనుక్కుని, దోమ అనే ఊరి నుంచి మల్లప్ప వచ్చాడు. గొర్రెలు కాసుకుంటూ రెండెకరాల్లో కంది వేసిన మనిషి.

"ఏ దినం రావాల్నో ఫోన్ల చెప్తరన్నరు సారూ. రెండు దినాల సంది ఫోన్ చేతిలనే పట్టుకున్న. నా దినం ఎప్పుడు?"

అమర్‌నాథ్ తెర అటు తిప్పాడు. అడుగున పట్టీ నిగనిగలాడుతూ ఉన్నదున్నట్టు చెప్పింది: ఫైలు పేరు కందులు, మొత్తం వరుసలు ఒకటి. ఆ ఒక్కటీ ఖాళీ.

మల్లప్ప వంగి చూశాడు. "రంగైతే మంచిగున్నది సారూ," అన్నాడు. తర్వాత బల్ల మీది రాయి చూపించి, "గది నేను తీస్కపోత. యార్డు కాడ లైన్ల నా జాగల పెట్టుకుంట," అన్నాడు.

సోమవారం ఉండబట్టలేక అమర్‌నాథ్ యార్డుకు వెళ్లాడు. గేటు ముందు మనుషులకు బదులు చెప్పులు, ఇటుకలు, ఖాళీ సంచులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఏడోది నీలం రాయి. అమర్‌నాథ్ ముందుగది నుంచి ఈ యేడు రైతుకు అందిన టోకెన్ అదొక్కటే. పక్కన మల్లప్ప దుప్పటి కప్పుకుని బస్తాల మీద కూర్చున్నాడు. అమర్‌నాథ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

జేబులోంచి ఫోన్ తీశాడు. మెసేజ్ వస్తుందేమోనని మల్లప్ప తన ఫోన్ చూసుకున్నాడు.

అమర్‌నాథ్ రాయికి ఫొటో తీసుకున్నాడు. మంచుకు తడిసిన ఈ రంగు ముందు, తెర మీది నీలం ఒక పిసరు తక్కువే.