లైనింగులో ఆఠీను రాణి

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కూతురి క్లాసు పిల్లలు ముగ్గురు వస్తారు. వాళ్లచేత ఒక పేకముక్క తీయించాలి, అది ఆఠీను రాణి అయ్యేలా చూసుకోవాలి, దాన్ని పేకలోంచి మాయం చేసి, తను తొడుక్కున్న కొత్త కోటు లైనింగు విప్పి అందులోంచి తీయాలి. ఇంకో పేకలోని ఆఠీను రాణిని లోపల పెట్టి ముందే కుట్టేశాడు.

ఈ తలనొప్పి తెచ్చింది కూతురే. కొత్త బడిలో ఎవరూ పలకరించడం లేదని, "మా నాన్నకి గారడీ వచ్చు" అని కోతలు కోసింది. ఇప్పుడు పరువు పోతే ఆ పిల్ల మళ్లీ ఒంటరిగా కూర్చోవాల్సిందే. అది తలుచుకుంటే దర్జీకి మనసు చివుక్కుమనేది. అందుకే కొన్నాళ్లుగా మిషను ఆపి మరీ పేక కలుపుతున్నాడు. కలిపేకొద్దీ వాటిమీద మోజు పెరిగింది. పెట్టెలూ పొగలూ అక్కర్లేదు, అందరిళ్లలో పడుండే అట్టముక్కలే. అందరూ పట్టుకున్నవే కాబట్టే వాటితో మాయ చేస్తే అందరూ నోరెళ్లబెడతారనిపించింది.

"ఈ పేక పిచ్చిలో పడి ప్లీడరుగారి కోటు మర్చిపోయారా?" అంది భార్య.

"పొద్దున్నే పట్టుకెళ్లారు కదే."

సాయంత్రం వచ్చినవాళ్లలో ఒక పిల్ల రాణినే తీసింది. రాణి మాయమైంది. దర్జీ దర్జాగా కత్తెర తీసి లైనింగు ఎడమవైపు కోశాడు. ఏమీ లేదు. కుడివైపు కోశాడు. కాలరు విప్పాడు. లోపలి దూదంతా ఒళ్లో పడింది.

"కోటు చింపుకోవడమేనా గారడీ?" అంది ఒక పిల్ల. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. కూతురు తల దించుకుంది.

అప్పుడు వెలిగింది దర్జీకి. ప్లీడరుగారిదీ తనదీ ఒకే కొలత. ఆయనిచ్చిన బట్టలో మిగిల్చుకునే తన కోటు కుట్టుకున్నాడు. రెండు కోట్ల గుడ్డలూ ఒకే బల్లమీద ఉన్నప్పుడు లైనింగులు తారుమారై, రాణి ఆయన కోటులోకి పోయింది.

ఇంతలో ప్లీడరుగారు గుమ్మంలోకి వచ్చారు. "ఏమయ్యా, చెయ్యెత్తి వాదిస్తే కోటు పటపటమంటోంది. లోపల ఏం పెట్టావు?"

దర్జీ ఆయన కోటు లైనింగు కోశాడు. ఆఠీను రాణి బయటికొచ్చింది. పిల్లలు కేకలేసి కూతురి చేతులు పట్టుకున్నారు.

ప్లీడరుగారు కింద పడున్న దర్జీ కోటు నల్లగుడ్డ ముక్క తీసి తన కోటు చేతిపక్కన పెట్టుకుని చూశారు. ఆయన దర్జీని చూశారు, వెలిగిపోతున్న అతని కూతురిని చూశారు.

"మీ నాన్న చేతిలో ఏదైనా మాయమవుతుందమ్మా. దానికి నేనే సాక్షిని" అన్నారు.

తర్వాతి కోటుకి మాత్రం ఆయన బట్ట కొలిచి ఇచ్చి, కత్తిరింపు అయ్యేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.