విప్పని గొడుగు

శనివారం పొద్దున్న డెంజిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తోట గేటు పదింటికి తెరుస్తారు. తెరవగానే లోపలికెళ్ళాలి, ఎండిపోయిన లాంతరు చెట్టు దగ్గర గొడుగు వంచాలి, అందులో ఉన్న మొక్కని మట్టిలో పెట్టెయ్యాలి, పదిన్నరకల్లా ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు టీ తాగాలి. అంతే.

గొడుగులో మొక్కేంటంటారా? పోయినేడు తోటలోంచి బయటికి తెచ్చింది కూడా ఆ గొడుగులోనే మరి. ఎప్పుడో చిలీ నుంచి ఓడెక్కి వచ్చిన తెల్ల లాంతరు చెట్టది. పూసిందంటే కొమ్మకొమ్మకీ బుల్లి లాంతర్లు వేలాడగట్టినట్టుండేది. చూసి ఆగలేకపోయాడు. చుట్టూ ఎవరూ లేరనుకుని జానెడు రెమ్మ తుంచి గొడుగు మడతల్లో పడేశాడు. షెడ్డులో గుచ్చితే బతికింది.

ఈ జనవరిలో, ఎన్నడూ లేనిది, ఇంగ్లండు కొసనున్న ఈ కార్న్‌వాల్‌లో వారం రోజులు మంచు గడ్డకట్టింది. తోటలో తల్లి చెట్టు మాడిపోయింది. "అలాంటిది మనకి తెలిసి ఇంకెక్కడా లేదు. సోమవారం మోడు పీకేసి కమేలియా పూలమొక్క పెడతాం" అని పెద్ద తోటమాలి జేగో చర్చి గుమ్మం పక్కన కాగితం అంటించాడు. అది చదివిన దగ్గర్నించీ డెంజిల్‌కి ముద్ద దిగలేదు. భూమ్మీద మిగిలిన ఆఖరి మొక్క తన షెడ్డులో, పెయింటు డబ్బాల వెనకాల ఉందాయె!

నేరుగా వెళ్ళి ఇచ్చెయ్యొచ్చు కదా అంటే, అక్కడే ఉంది తిరకాసు. డెంజిల్ భార్య లవ్‌డే ఊరి పూల పోటీలకి జడ్జి. "పరాయి తోటలో రెమ్మ తుంచినవాడు రేపు బ్యాంకుకి కన్నం వేస్తాడు" అని ఇరవయ్యేళ్ళుగా మైకులో చెప్తున్న మనిషి. ఆవిడకి తెలిస్తే డెంజిల్ మిగతా బతుకు కూడా ఆ పెయింటు డబ్బాల వెనకాలే. అదృష్టం కొద్దీ ఆ పొద్దున్న ఆవిడ "చెల్లిని చూసొస్తా" అని ముందే బయల్దేరింది.

డెంజిల్ మోడు దగ్గరికి చేరాడు. అటూ ఇటూ చూశాడు. గొడుగు వంచబోయాడు.

"ఒరేయ్ డెంజిల్! ఇదేనా లైను?"

వెనకాల ట్రెగెంజా టీచరు. డెంజిల్‌కి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన మనిషి, ఎనభై దాటాయి. ఏ లైనో డెంజిల్‌కి అంతుపట్టలేదు. కానీ ఆ దేశంలో లైను దేనికని అడగడం మర్యాద కాదు, లైను కాదని చెప్పడం అసలే మర్యాద కాదు.

"అవునండీ టీచర్."

ఆవిడ వెనకాల నిలబడింది. ఆవిడ వెనకాల పాస్టరుగారు వచ్చి నిలబడ్డారు. ఆయన వెనకాల పోస్టాఫీసావిడ. వీళ్ళు కదిలితే పని కానిద్దామని డెంజిల్ చూస్తాడు, ముందున్నవాడే కదలకపోతే మేమెలా కదుల్తామని వాళ్ళు చూస్తారు. ఇంతలో తోట చూడ్డానికి లండన్ బస్సు దిగిన జనం లైను చూసి ఆవురావురుమంటూ తగులుకున్నారు. పదకొండుకల్లా లైను చెరువు చుట్టూ తిరిగి ఫెర్న్ మొక్కల దాకా పోయింది.

"ఇరవయ్యేళ్ళకోసారి పూస్తుందట."

"పన్నెండింటికి విచ్చుకుంటుందట."

"వాసన చూస్తే మోకాళ్ళ నొప్పులు పోతాయట."

జేగో పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇదంతా? దేనికీ లైను?"

"పువ్వుకి," అందొక లండనావిడ.

"ఏ పువ్వు?"

"నన్నడుగుతావేం నాయనా? తోటమాలివి నువ్వా, నేనా?"

జేగోకి తల తిరిగింది. నిన్న తను చూడనిదేదో మొగ్గ తొడిగిందేమోనని అనుమానమొచ్చింది. ఎందుకైనా మంచిదని ఆయనా వెళ్ళి లైను చివర నిలబడ్డాడు.

అప్పుడు దిగింది వాన. మామూలుది కాదు, సముద్రం లేచొచ్చినట్టు. లండన్ గొడుగులన్నీ టపటపా విచ్చుకున్నాయి. డెంజిల్ టోపీ మీంచి నీళ్ళు మెడలోకి కారుతున్నాయి.

"గొడుగు పెట్టుకుని తడుస్తావేంరా?" అంది టీచరు.

"మీరూ విప్పలేదుగా?"

"నాకు వానంటే ఇష్టం."

"నాకూ ఇష్టమే," అన్నారు పాస్టరుగారు, ఎవరూ అడక్కుండానే.

చివర్నించి జేగో చూస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళ తోటపనిలో ఆయన మొక్కల గురించి ఎంత నేర్చుకున్నాడో గొడుగుల గురించీ అంతే నేర్చుకున్నాడు. నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"గొడుగు విప్పినవాళ్ళంతా టీ కొట్టు దగ్గరికి దయచెయ్యండి, కుంకుమపువ్వు బన్నులు వేడిగా ఉన్నాయి. విప్పనివాళ్ళు ఉండండి."

పదకొండు మంది మిగిలారు. అందరూ ఊరివాళ్ళే.

"ఇప్పుడు విప్పండి."

ఎవరూ కదల్లేదు. కానీ లైనంటే లైనే, ముందున్నవాడిదే మొదటి వంతు. డెంజిల్ కళ్ళు మూసుకుని గొడుగు విప్పాడు. మొక్క టోపీ మీద పడి, భుజం మీంచి జారి, జేగో బూట్ల దగ్గర ఆగింది. వెనకాల టప్‌మని టీచరుది పడింది. పాస్టరుగారిది పడింది. పోస్టాఫీసావిడ మొక్కకి మొగ్గ కూడా ఉంది. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ తెల్ల లాంతర్లే. తనది ఆఖరి మొక్కని వారం రోజులుగా కుమిలిపోయిన డెంజిల్ నోరు తెరిచి వెనక్కి తిరిగాడు.

ఆఖరి గొడుగు ఇంకా విచ్చుకోలేదు. దాని వెనకాల, జుట్టంతా మొహానికి అంటుకుపోయి, లవ్‌డే.

"చెల్లి బాగుందా?" అన్నాడు డెంజిల్.

"నోర్ముయ్," అని ఆవిడ గొడుగు విప్పింది. "నాది తువ్వాళ్ళ బీరువాలో పెంచా. నీదెక్కడ?"

"పెయింటు డబ్బాల వెనకాల."

"అందుకే నీది అంత పీలగా ఉంది."

జేగో టోపీ తీసి వానలో అలాగే నిలబడిపోయాడు. తిడతాడనుకుని అందరూ తలలొంచుకున్నారు. "మీలో ఒక్కరు బుద్ధిమంతులై ఉన్నా నాకో మొక్క తక్కువయ్యేది," అన్నాడు. "పారలు ఆ మూలన ఉన్నాయి, కానివ్వండి."

నాటడం అయ్యాక భార్యాభర్తలిద్దరూ ఇంటిదారి పట్టారు. ఫెర్న్‌ల దగ్గర లవ్‌డే "నువ్వు పద, బూటు లేసు ఊడింది" అని ఓ నిమిషం ఆగింది. ఆవిడ బూట్లకి లేసులుండవని డెంజిల్‌కి గేటు దాటాక గుర్తొచ్చింది.

ఇంటిదాకా వాన కురుస్తూనే ఉంది. లవ్‌డే మాత్రం గొడుగు విప్పలేదు.