దర్జీపిట్ట సొరుగు మారిన వైనము

ఉదయభానుడు మ్యూజియము కిటికీ అద్దములకు బంగారుపూత పూయుచుండగా, కలరా ఉండల ఘాటు దశదిశల నాక్రమించిన పక్షిశాలయందు వర్గీకరణ మహాసంగ్రామము చెలరేగెను. జనులారా, చెవులు రిక్కించి వినుడు!

ఒకవైపు కళ్లజోడు కవచముగా, పట్టకారు ఖడ్గముగా ధరించిన పక్షిశాలాధిపతి. పురుగులను మెక్కి పాటలు పాడు జాతుల బుల్లిపిట్టలనెల్ల, దూది కూరిన నమూనాలుగా, ఒక్క అల్మరాలో కొలువుదీర్చి, ఇవన్నియు ఒకే కుటుంబమని ఏళ్ల తరబడి చాటిన ధీరుడు. ఎదుట ఆయన మేనకోడలు. అదే శాలలో శాస్త్రవేత్తగా కొత్తగా చేరి, జన్యుపరీక్షను బ్రహ్మాస్త్రముగా ఎక్కుపెట్టిన వీరవనిత. ఆ పరీక్ష తీర్పు ఘోరాతిఘోరము: అది కుటుంబమే కాదు, దగ్గరి రక్తసంబంధము లేని పలు కుటుంబముల కలగూరగంప!

సొరుగు వెంట సొరుగు ఖాళీ అయ్యెను. రెల్లుదుబ్బుల పిట్టలు వేరుపడెను. గడ్డిపిట్టలు వేరు కాపురము పెట్టెను. అన్నిటిని గుండె రాయి చేసుకొని సాగనంపిన ఆ మహానుభావుడు, బొటనవేలెడు దర్జీపిట్ట వంతు రాగానే అల్మరాకు అడ్డముగా నిలిచి, ప్రళయకాలమేఘమువలె గర్జించెను:

"దీన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను! ఆకులు కుట్టి గూడు కట్టే బంగారుతల్లి ఇది. చిన్నప్పుడు మా పెరట్లో దీని గూడు చూసే నేనీ చదువులోకొచ్చాను. ముక్కు చూడు, రెక్క చూడు! అన్నీ ఈ అల్మరాలోవాళ్ల పోలికలే కదా?"

"మామయ్యా, తిండి ఒకటే కాబట్టి ముక్కులూ ఒకలాగే తయారయ్యాయి. ఒకే ఆఫీసుకి వెళ్లేవాళ్లంతా అన్నదమ్ములైపోతారా?"

"ఇన్నేళ్లూ ఒక్కచోట కాపురం చేశాయే!"

"అవి చేయలేదు. నువ్వు చేయించావు."

ఆ వాగ్బాణము గురి తప్పలేదు. అయినను ఆయన పట్టు వీడక సొరుగును లోనికి నెట్టెను. ఆమె పిడి పట్టి వెలుపలికి లాగెను. తేమకు ఉబ్బిన ఆ ముసలి సొరుగు ఇరుపక్షములను పూచికపుల్లగానైన లెక్కింపక, సగము తెరచుకొని బిగుసుకుపోయెను.

"ఆగవే! పిట్ట నలిగిపోతుంది" అని కంగారుపడి, ఆయన తానును పిడి మీద చేయి వేసెను. వైరులిరువురు ఏకమై, పండ్లు బిగబట్టి గుంజగా, సొరుగు ఫెళఫెళార్భటితో ఊడివచ్చెను. మామయు మేనకోడలును వెల్లకిల పడిరి. ప్రాణము పోయిన పిమ్మట తొలిసారిగా గాలికెగిరిన దర్జీపిట్ట, గిరగిర తిరిగి, పైకెత్తిన ఆయన అరచేత వాలెను.

ఒక్క ఈక చెదరలేదు. ఆయన దాని వీపును చిటికెనవేలితో నిమిరెను.

నేలమీద నుండియే ఆమె మెల్లగా అనెను: "పెళ్లయ్యాక నా ఇంటిపేరు మారింది. నీ మేనకోడల్ని కాకుండా పోయానా?"

"నీకేం, వారం వారం వచ్చి నా ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నావు."

"ఇదీ అంతే. పక్క సొరుగులోనే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకో."

ఆయన లేచి, మోకాళ్లు దులుపుకొని, పిట్టకై ఆమె చాచిన చేతిని తప్పించెను. "సాగనంపేది నేనే. జరుగు!"

అంతట ఆ వీరుడు శిశువును తొట్టిలో పరుండబెట్టు తల్లివలె, దూది సవరించి, తోక సర్ది, ఆ పక్షిరత్నమును కొత్త సొరుగున నిలిపెను. మేనకోడలు చప్పట్లు చరచెను. అప్పుడాయన మీసము చాటున నవ్వెను. భేరీలారా మోగుడు, దిక్కులారా వినుడు! యుగయుగముల అజ్ఞానము పటాపంచలయ్యెను, మహాకుటుంబము చీలెను, దర్జీపిట్ట జానెడు దూరము జరిగెను!