అరవై నాలుగో కారు

ప్రపంచం మొత్తమ్మీద అరవై మూడంటే అరవై మూడే తయారవుతున్న ‘జరాంటో’ అనే సూపర్ కారు ఒకటి త్వరలో కంచర్లమెరక గ్రామానికి విచ్చేయబోతున్నదని వేగాభివృద్ధి శాఖామాత్యులు వెంకటకృష్ణారావు గారు పటమటలోని స్వగృహానికి పత్రికలవారిని పిలిచి, ఇడ్లీలు పెట్టి మరీ ప్రకటించారు. అది తమ కారు కాదనీ, ప్రజల కారనీ, ప్రజల తరఫున తాము నడుపుతామనీ వినయంగా సెలవిచ్చారు. గంటకి మూడువందల యాభై కిలోమీటర్లు పోయే కారు వల్ల పల్లెటూరికి ఒరిగేదేమిటని ఒక విలేఖరి అడిగాడు. అభివృద్ధి ఎంత వేగంగా పోతోందో జనం కళ్ళారా చూడొద్దా అని మంత్రిగారు ఎదురడిగారు. విలేఖరి ఇంకో ఇడ్లీ తిన్నాడు.

కంచర్లమెరక మంత్రిగారి సొంతూరు. ఉయ్యూరు మెయిన్ రోడ్డు మీంచి కాలువగట్టెక్కి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. పోవాలి అనడమే గాని, పోయినవాళ్ళంతా చేరారని చెప్పలేం. ఆ గట్టు మీద గుంటలకి పేర్లున్నాయి. అన్నిట్లోకి పెద్దది సర్పంచి గుంట. పూర్వం ఒక సర్పంచి గారు స్కూటరుతో సహా అందులో దిగి, పదవీకాలం పూర్తయ్యాక పైకొచ్చారని ప్రతీతి. ఇప్పుడందులో బాతులు పెంచుతున్నారు.

నాలుగెకరాల చెరకు రైతు రామకోటేశ్వరరావుకి ఆ గుంటతో స్వానుభవం ఉంది. పోయినేడు ఫ్యాక్టరీకి తోలుతున్న చెరకు లోడు ట్రాక్టరు ట్రక్కుతో సహా అందులో పక్కకి ఒరిగింది. మళ్ళీ లేపి తోలేసరికి అయిదు రోజులు పట్టింది. నరికిన చెరకు ఎండకి పడుంటే తూకం గాల్లో కలిసిపోతుంది. కాటా మీద పెట్టేసరికి అవి చెరకుగడలో, చీపురుపుల్లలో కాటా గుమాస్తాకి తేలలేదు. ఈసారి గనక ఒరిగితే ట్రాక్టరమ్మేసి గేదెల్ని కొనుక్కుందామని భార్య రావమ్మ తేల్చి చెప్పేసింది. ఆ ట్రాక్టరంటే ఆయనకి ప్రాణం. గేదెలంటే పడదు. రోడ్డు కోసం అప్పటికే పద్నాలుగు అర్జీలు పెట్టాడు. పద్నాలుగూ ఎక్కడో సుఖంగా ఉన్నాయి.

ప్రకటన వచ్చిన మర్నాడే ఊళ్ళో జరాంటో అభిమాన సంఘం వెలిసింది. సాయిగణేష్ దానికి కన్వీనరు. ఆ కారుని అతను చూడలేదు, చూసినవాణ్ణి కూడా చూడలేదు. అయినా దాని హార్స్‌పవరెంతో, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లలో అందుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లిమిటెడ్ ఎడిషన్ అని అతను గర్వంగా చెబితే, మరి ఏయే స్టాపుల్లో ఆగుతుందని రావమ్మ అడిగింది. రామకోటేశ్వరరావు మాత్రం టీకొట్టు దగ్గర ఆ వర్ణనంతా ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“నేలకీ దాని పొట్టకీ ఎడమెంత ఉంటుంది, సాయీ?”

“నాలుగంగుళాలు, బాబాయ్.”

ఆయన ఇంకో టీ చెప్పి, అది చల్లారేదాకా కాలువ వంక చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి అభిమాన సంఘంలో చేరాడు. రెండో రోజుకి గౌరవాధ్యక్షుడయ్యాడు. మూడో రోజు పదిహేనో అర్జీ పెట్టాడు. అందులో చెరకు ఊసు లేదు, రైతు ఊసు లేదు. మంత్రిగారి కారు పొట్టకి గాయమవుతుందేమోనని అభిమానులకి తిండి సయించడం లేదని మాత్రం రాశాడు.

మర్నాడు పొద్దున్నే రోడ్ల శాఖ ఏఈ ప్రత్యూష జీపులో వచ్చింది. సర్పంచి గుంట లోతు కొలవబోతే టేపు అయిపోయింది. దీన్ని పూడ్చేకంటే కాలువ అవతలి గట్టు మీద కొత్త రోడ్డు వేయడమే తేలికని ఆవిడ లెక్క కట్టి చెప్పింది. పద్నాలుగు అర్జీలకి కదలని ఫైలు పదకొండు రోజుల్లో తారై పరుచుకుంది. ఎంత నున్నగా అంటే, ఈ చివర నిమ్మకాయ వదిలితే ఆ చివర ఎవరో పట్టుకుని పులిహోర కలిపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రామకోటేశ్వరరావు ఆ రాత్రి కడుపునిండా భోంచేశాడు. తెల్లారి చూస్తే కొత్తగట్టుకి ఊరివైపు చివర ముళ్ళకంప, మెయిన్ రోడ్డు వైపు చివర అడ్డకర్ర. కర్ర పక్కన కుర్చీలో కానిస్టేబుల్ హనుమయ్య, ఒళ్ళో కొత్త రిజిస్టరు. వెనక బోర్డు: ‘సూపర్ కార్లకు మాత్రమే. ట్రాక్టర్లు, బళ్ళు, పశువులు పాతగట్టున పోవలెను.’

ఆయన బస్సెక్కి పటమట వెళ్ళి మంత్రిగారి పీఏ ఫిన్నీని కలిశాడు. ఫిన్నీ చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ రోడ్డు మీకోసమేనండీ అన్నాడు. చూసుకోడానికి అని కూడా అన్నాడు.

కారు మాత్రం రాలేదు. మొదట ఓడెక్కిందన్నారు. తర్వాత రేవులో ఉందన్నారు. మూడోసారి మూఢమన్నారు. అభిమానుల ఉత్సాహం ఏమాత్రం సడలలేదు. ఉయ్యూరు సెంటర్లో నలభై అడుగుల ఫ్లెక్సీ కట్టి, దాని మీదున్న కారు బొమ్మకి పాలాభిషేకం చేసి, బొమ్మలో నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. కారు పక్కన కళ్ళద్దాలతో మంత్రిగారు చెయ్యూపుతుంటారు. పైన ‘వస్తోంది! వస్తోంది!’ అని ఉంటుంది. వస్తోంది, వస్తోంది అనుకుంటుండగానే గాలొచ్చింది. ఫ్లెక్సీ నేలకొరిగింది. మా వైపు ఫ్లెక్సీ జాతకం అంతే, కర్ర మీద మూడు రోజులు, గడ్డివాము మీద మూడేళ్ళు. గౌరవాధ్యక్షుడి హోదాలో దాన్ని భద్రపరచడానికి రామకోటేశ్వరరావు ఇంటికి పట్టుకెళ్ళాడు.

మాఘమాసంలో ఫ్యాక్టరీ నుంచి చెరకు కటింగ్ ఆర్డరొచ్చింది. కూలీలు చెరకు కొట్టి ట్రక్కు నింపారు. పాతగట్టు మీద బాతులు ఎదురుచూస్తున్నాయి. రావమ్మ గేదెల బేరం మొదలెట్టేసింది. రామకోటేశ్వరరావు లోడు వంక చూశాడు, గడ్డివాము వంక చూశాడు. వాము మీద మంత్రిగారు చెయ్యూపుతున్నారు.

పొద్దెక్కేసరికి ట్రాక్టరు ముక్కు దగ్గర్నుంచి ట్రక్కు తోక దాకా ఫ్లెక్సీ కప్పి, పలుపుతాళ్ళతో బిగించాడు. తోవ కనపడాలి గనక మంత్రిగారి కళ్ళద్దాల దగ్గర రెండు కన్నాలు చేశాడు. ముళ్ళకంప పక్కకి లాగి కొత్తగట్టెక్కాడు. మంత్రిగారి కళ్ళలోంచి చూస్తే రోడ్డు మరీ నున్నగా కనిపించింది.

అడ్డకర్ర దగ్గర హనుమయ్య తలెత్తాడు. ఎదురుగా కారు బొమ్మ, మంత్రిగారి నవ్వు, ‘వస్తోంది! వస్తోంది!’ రోజూ అక్కడే కాపు కాసే అభిమానులు అప్పటికే లేచి నిలబడ్డారు. కంపెనీ వాళ్ళు లాంచింగ్‌కి ముందు ముసుగేసి ట్రయల్ రన్ చేస్తారని సాయిగణేష్ అందరికీ వివరించాడు. ఇంత ఎత్తుందేమిటని ఒకడడిగితే, లోపల స్టాండు మీద పెట్టి ఉంటారన్నాడు. వెనకాల పచ్చగా ఆకులు వేలాడుతున్నాయేమిటని ఇంకొకడడిగితే, ఎకో ఫ్రెండ్లీ మోడలన్నాడు. ట్రాక్టరు చప్పుడు విని, ఇంజను ఇంకా నిద్రలోనే ఉందన్నాడు.

హనుమయ్య సెల్యూట్ కొట్టి రిజిస్టరులో ఒకటో నంబరు వేశాడు. సుద్దముక్కతో ఫ్లెక్సీ మీద కూడా ‘1’ అని రాశాడు. కర్ర లేచింది గాని బండి కదలడానికి లేదు. నాలుగు వైపులా సెల్ఫీలు. గంటలో టీవీ వాళ్ళు వచ్చేశారు. తన కారొచ్చిన సంగతి మంత్రిగారు పటమటలో టీవీ చూసి తెలుసుకున్నారు. నాకు తెలీదని మంత్రులైనవారు అనకూడదు గనక, ఉన్నపళంగా బయల్దేరి వచ్చారు.

ఎండెక్కుతోంది. ఫ్లెక్సీ కింద చెరకు, రామకోటేశ్వరరావు కలిసి వాడిపోతున్నారు. మంత్రిగారు జనానికి దణ్ణం పెట్టి, ముసుగంచు ఎత్తి తల లోపలికి పెట్టారు.

“ఎవరయ్యా అది?”

“నేనేనండి, రామకోటేశ్వరరావుని. పదిహేను అర్జీలు పెట్టాను.”

“కారేదీ?”

“మిమ్మల్నే అడుగుదామనుకుంటున్నానండి.”

మంత్రిగారు కాసేపు చెరకు వాసన పీల్చారు. ఓడ ఇంకా సముద్రంలోనే ఉందట అన్నారు మెల్లగా. తర్వాత, “బయట కెమెరాలెన్నున్నాయో చూశావా?”

“మీ కళ్ళలోంచి పదకొండు కనపడుతున్నాయండి.”

“ఇదెందాకా పోతుంది?”

“ఫ్యాక్టరీ కాటా దాకా.”

“ఆగకుండా?”

“రోడ్డు బాగుంటే ఎందుకాగుతుందండి.”

మంత్రిగారు తల బయటికి తీశారు. ఫిన్నీ ఆకుపచ్చ జెండా అందించాడు. భద్రతా కారణాల వల్ల ముసుగు ఎప్పటికీ తీయబోమనీ, వేగం లోపల ఉండాలి గాని పైకి చూపించడం మన సంస్కృతి కాదనీ మంత్రిగారు చెప్పి జెండా ఊపారు. ఇంత నిదానంగా పోయే సూపర్ కారు ప్రపంచంలో ఇదొక్కటేనని టీవీలో యాంకరమ్మాయి కళ్ళు చెమర్చగా చెప్పింది. మధ్యాహ్నానికి లోడు కాటా ఎక్కింది. తూకం తరగలేదు. రావమ్మ గేదెల బేరం వాయిదా వేసింది.

అలాంటి విషయం పల్లెటూళ్ళో దాగదు. మర్నాడు ఊళ్ళో గడ్డివాములన్నీ బోసిపోయాయి. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు, స్వాగతం ఫ్లెక్సీలు, అభినందన ఫ్లెక్సీలు, అన్నిట్లోనూ ఉన్నది మంత్రిగారే. ఆయన మొహం ఉన్నదాన్ని ఆపే ధైర్యం హనుమయ్యకి లేదు. అలాగని డ్యూటీలో అశ్రద్ధా లేదు. వచ్చినదానికల్లా సెల్యూట్ కొట్టి, కొత్తదైతే నంబరిచ్చి, పాతదైతే టిక్కు పెట్టాడు. పక్క ఊళ్ళ ట్రాక్టర్లు కూడా మొహాలు కప్పుకుని వచ్చి చేరాయి. వారం తిరిగేసరికి రిజిస్టరు అరవై మూడుకి చేరింది. ప్రపంచంలోని జరాంటోలన్నీ, ఒక్కటి కూడా పరాయి దేశానికి పోనీయకుండా, తమ నియోజకవర్గానికే రప్పించామని మంత్రిగారు ప్రకటించారు. హనుమయ్య రిజిస్టరు కింద రెండు గీతలు గీసి మూసేశాడు.

పదోరోజు పొద్దున రామకోటేశ్వరరావు ఫ్యాక్టరీలో లోడు దించి ఖాళీ ట్రక్కుతో తిరిగొస్తున్నాడు. చేలో ఇంకొక్క లోడు మిగిలింది. అడ్డకర్ర దగ్గర జనం మూగి ఉన్నారు. మధ్యలో పసుప్పచ్చగా, నేలకి అతుక్కుపోయినట్టున్న వస్తువొకటి ఉంది. దాని పక్కన టై కట్టుకున్న మనిషి చెమటలు కక్కుతున్నాడు. కంపెనీ తరఫున వచ్చాననీ, పేరు పవన్‌కుమార్ అనీ, ఇది మంత్రిగారి జరాంటో అనీ చెబుతున్నాడు.

“ముసుగేదండీ?” అన్నాడు హనుమయ్య.

“ముసుగెందుకండీ, కారే ఉందిగా.”

“ప్రపంచంలో ఉన్నవెన్నండీ?”

“అరవై మూడు.”

హనుమయ్య రిజిస్టరు తెరిచి రెండు గీతలూ చూపించాడు. “అన్నీ వచ్చేశాయండి. మరి ఇదేంటి?”

పవన్‌కుమార్ ఫిన్నీకి ఫోన్ చేశాడు. అరవై నాలుగోది తెచ్చానంటే మీ కంపెనీ పరువేం కావాలండీ అని ఫిన్నీ మర్యాదగా మందలించి పెట్టేశాడు. సాయిగణేష్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కిందకి చూశాడు. చేత్తో ఎడం కొలిచాడు. నాలుగంగుళాలు. ఒక్క క్షణం అతని మొహం అదోలా అయింది. అప్పుడే వెనకనుంచి నలభై ఒకటో నంబరు హారన్ కొట్టింది. అతను ఫోన్ తీసి దానితో సెల్ఫీ దిగాడు.

“డూప్లికేటు, బాబాయ్,” అన్నాడు రామకోటేశ్వరరావుతో. “ఒరిజినల్‌కి ముసుగుంటుంది.”

బోర్డు ప్రకారం అరవై నాలుగో కారు పాతగట్టెక్కింది. సున్నా నుంచి ఏ అంకెకీ చేరకుండానే సర్పంచి గుంటలో పొట్ట ఆనించి ఆగిపోయింది. బాతులు కాస్త జరిగి చోటిచ్చాయి. పవన్‌కుమార్ గట్టున కూలబడ్డాడు. దీని మీద ఒక్క గీత పడ్డా ఉద్యోగం పోతుందని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

రామకోటేశ్వరరావు ఆ బురదా ఆ ఏడుపూ ఎరిగినవాడు. ట్రాక్టరు వెనక్కి పెట్టి, తాడు కట్టి, కారుని మెల్లగా మెయిన్ రోడ్డెక్కించాడు. ఏమన్నా పుచ్చుకోమంటే వద్దన్నాడు. చింతచెట్టు చాటుకి తీసుకెళ్ళి, తన ట్రాక్టరు మీది ఫ్లెక్సీ విప్పి, నాలుగు మడతలేసి కారు మీద కప్పాడు. మంత్రిగారి మొహం సరిగ్గా అద్దం మీదకొచ్చేలా సర్ది, సుద్ద నంబరు పైకి పెట్టాడు.

“ఇప్పుడెళ్ళండి. ఆపరు.”

“తోవెలా కనపడుతుందండీ?”

“ఆయన కళ్ళలోంచి చూడండి. బ్రహ్మాండంగా కనపడుతుంది.”

కారు కొత్తగట్టు దగ్గరికి వెళ్ళింది. హనుమయ్య సెల్యూట్ కొట్టి, ఒకటో నంబరు దగ్గర టిక్కు పెట్టి కర్ర ఎత్తాడు. అభిమానులు చప్పట్లు కొట్టారు. ఇవాళ కాస్త చిక్కినట్టుందని ఎవరో అన్నారు. డైటింగ్ మోడలని సాయిగణేష్ చెప్పాడు.

వెనకే రామకోటేశ్వరరావు ట్రాక్టరు వచ్చింది. హనుమయ్య కర్ర దించాడు.

“ట్రాక్టర్లు పాతగట్టుకండీ,” అన్నాడు మర్యాదగానే.

ఆయన ఇంజను ఆపాడు. చేలో మిగిలిన లోడు గుర్తొచ్చింది, గేదెలు గుర్తొచ్చాయి. ఎదురుగా సాయిగణేష్ బృందం నిచ్చెనేసుకుని కొత్త ఫ్లెక్సీ కడుతోంది. మంత్రిగారు మళ్ళీ చెయ్యూపుతున్నారు. ఈసారి ఆయన పక్కన విమానం ఉంది. ‘త్వరలో మన కంచర్లమెరకకు!’

రామకోటేశ్వరరావు ఆ బొమ్మని చాలాసేపు, ఓపిగ్గా చూశాడు.

“సాయీ, దాని రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి ఎన్నడుగులుంటాయంటావు?”