క్లోనాడ్రిన్ బస్సు మర్యాద

మా క్లోనాడ్రిన్ పట్టణానికి బస్సు మంజూరైన శుభసందర్భాన, బస్సు సాధన సమితి సభ్యులందరూ ఎవరి కారులో వాళ్లు సభకు విచ్చేశారు. కార్లకే చోటు చాలకపోవడంతో బస్సును ఊరి బయట ఆపించి, ప్రారంభోత్సవాన్ని బస్సు లేకుండానే దిగ్విజయంగా జరిపించారు.

"ప్రాణం పోయినా సరే, ఈ బస్సును వదులుకోం!" అని సమితి అధ్యక్షులు, రిటైరైన పశువైద్యులు మాలకీ టియర్నీ గారు గర్జించారు. చప్పట్లు మారుమోగాయి. ఎక్కుతామని మాత్రం ఎవరూ అనలేదు.

ఆయన గోడు మాత్రం నిజమైనదే. భార్య అట్రాక్టా మతిమరుపు జబ్బుతో జిల్లా కేంద్రంలోని వృద్ధాశ్రమంలో ఉంది. బుధవారం బుధవారం ఆయన ఇంటినుంచి సూపు తీసుకెళ్లి తాగిస్తే తప్ప ఆ రోజు ఏమీ ముట్టదు. చలికాలానికల్లా ఈయన లైసెన్సు పోతుందని కళ్ల డాక్టరు తేల్చేశాడు. ఆ తర్వాత బస్సే గతి.

బస్సుకు అడ్డుపడింది మా మర్యాద. స్టాపులో మనిషి కనబడితే కారు ఆపకుండా పోవడం మాలో తప్పు. వానలోనైతే మహాపాపం. వాన లేని రోజు మేమెరగం. అందుచేత బస్సు వచ్చే వేళకు స్టాపులో పురుగు కూడా ఉండేది కాదు. డ్రైవరు ఖాళీ సీట్లను క్షేమంగా జిల్లా కేంద్రానికి చేర్చి, అంతే క్షేమంగా తిరిగి తెచ్చేవాడు.

ఫలానా బుధవారం లెక్క తీస్తామనీ, ఒక్కరూ ఎక్కకపోతే బస్సు రద్దనీ పైనుంచి కబురొచ్చింది. సమితి అత్యవసరంగా సమావేశమై, బస్సెక్కే బాధ్యతను కారులేని డింప్నా లాఫీకి ఏకగ్రీవంగా అప్పగించింది.

ఆ బుధవారం సూపు ఫ్లాస్కుతో బయల్దేరిన మాలకీ గారికి స్టాపులో తడుస్తున్న మనిషి మసకగా కనబడింది. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

"ఏంటి డింప్నా, తడిసి ముద్దయ్యావు. ఎక్కు."

"నేను బస్సెక్కాలి కదండీ. మీరేగా చెప్పింది."

"చెప్పాన్లే. నిన్నిలా వానలో వదిలేసి పోతే రేపు ఊళ్లో తలెత్తుకోగలనా? ఎక్కమ్మా."

మా పద్ధతి ప్రకారం ఆమె రెండుసార్లు కాదని, మూడోసారి ఎక్కింది.

ఊరు దాటాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. "మన బస్సేనండీ. ఎంత శుభ్రంగా ఉందో."

"లోపలెవరున్నారు?"

"లెక్కలాయనొక్కడే."

"నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నానమ్మా," అన్నారు మాలకీ గారు.

"అయ్యో, పోనీలెండి. నేనైతే తడవకుండా వచ్చాను," అంది డింప్నా.

బస్సు రద్దయింది. చలికాలానికి, డాక్టరు చెప్పినట్టే లైసెన్సూ పోయింది. మరుసటి బుధవారం ఆయన ఫ్లాస్కు పట్టుకుని అదే స్టాపులో నిలబడ్డారు. కార్లు వరసగా వచ్చాయి, అన్నీ మనవాళ్లవే. మా అలవాటు ప్రకారం అందరూ స్టీరింగు మీదనుంచి ఒక వేలెత్తి పలకరించి వెళ్లిపోయారు. లేని బస్సు కోసం ఎవరైనా నిలబడతారా? పెద్దాయన గాలి పీల్చుకుంటున్నారనుకున్నారు. ఆపమని చెయ్యి చాపడం మాలో నామోషీ కాబట్టి ఆయనా అడగలేదు.

ఆ రోజు అట్రాక్టా ఏమీ ముట్టలేదట.

ఆ కార్లలో మీదీ ఉంది. మీరూ వేలెత్తారు. ఎవరో పోల్చుకోలేకపోయినా, మాలకీ గారు మర్యాదగా మీకూ వేలెత్తారు.