దాలినాయుడి తలలో శాంతిభద్రతలు

దాలినాయుడి మెదడుకు కాపలా కాసే కణాల ఎస్సై కామేశం, రోజూ పొద్దున్నే అతని చెవిలోంచి దిగి బడ్డీ బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. ఆ టీ బడ్డీ దాలినాయుడిదే కాబట్టి డబ్బుల ప్రసక్తి వచ్చేది కాదు.

అక్కడ రోజూ బన్ను తినే కుక్క ఒకనాడు దాలినాయుడి పిక్క పట్టుకుంది. "మన కుక్కే గదేటి, దానికేటి రోగం?" అని అతను గాటు మీద సున్నం, పసుపు రాసి ఊరుకున్నాడు. తర్వాత కుక్క కనిపించకపోతే అలిగిందనుకున్నాడు.

కొన్ని వారాలకు అతను మంచినీళ్ల గ్లాసు చూసి వణకడం మొదలుపెట్టాడు. భార్య పారమ్మ నేరుగా ఎస్సైనే నిలదీసింది.

"బాబూ, ఆ వైరస్సేదో కాలి నరమట్టుకుని నెత్తికెక్కిపోనాదంట. నువ్వేటి సేస్తన్నావు?"

"ఎక్కింది, చూశాను," అన్నాడు కామేశం టీ ఊదుకుంటూ. "మర్యాదస్తుడమ్మా. గోడ దూకలేదు. నరం వెంట ఎడమ పక్కనే నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క కణం మీదా చెయ్యి చేసుకోలేదు. కొట్టాడని ఎవరైనా ఫిర్యాదు చేస్తే గదా, మెదడు గేటు తీయించి బయట రక్తంలోని బలగాలను పిలిచేది!"

"మడిసి సచ్చిపోతన్నాడు బాబూ!"

"కరిచిన రోజే సూది వేయించుంటే అదే ఫిర్యాదు. దారిలోనే పట్టుకునేవాళ్లం. ఇప్పుడు గడువు దాటిపోయింది."

నిజానికి కొన్ని కానిస్టేబుల్ కణాలు ఉండబట్టలేక, అనుమతి లేకుండానే గేటు దూరి లోపలికి వెళ్లాయి. అవి ఎవరిని కాపాడాలని వెళ్లాయో ఆ నరాల కణాలే వాటిని ఆపి, చచ్చిపొమ్మని ఆదేశించాయి. వైరస్సు చెప్పి ఇప్పించిన ఆదేశమే. అయినా ఆదేశం ఆదేశమే కాబట్టి, కానిస్టేబుళ్లు సెల్యూట్ కొట్టి చచ్చిపోయాయి. ఈ ముక్క వింటే ఎవరికైనా ఒళ్లు మండాలి. ఆ ఊళ్లో ఎవరికీ మండలేదు.

దాలినాయుడు పోయాడు. పై అధికారులు వచ్చి అతని మెదడంతా తిరిగి చూశారు. గోడలు కూలలేదు, వాపు పెద్దగా లేదు, కణాలన్నీ ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. ఇంత ప్రశాంతమైన తల జిల్లాలోనే లేదని కామేశానికి పతకం ఇచ్చి, పారమ్మ చేతే దండ వేయించారు.

పెద్దకర్మ అయ్యాక పారమ్మ బడ్డీ తెరిచింది. బన్ను కోసం కొత్త కుక్క ఒకటి రావడం మొదలుపెట్టింది. ఒక పొద్దున కామేశం పతకం పెట్టుకుని వచ్చి, తనకు ఆమె తలలోకి బదిలీ అయిందని చెప్పాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఫిర్యాదులేమైనా ఉన్నాయామ్మా?"

పారమ్మ తన కాలి వంక చూసుకుంది. మడమ దగ్గర గాటుకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు.

"ఏటీ నేవు బాబూ," అంది. ఎస్సైగారు ఎక్కడానికి వీలుగా తల పక్కకు వంచింది.