సారంగపాణి కారుకు కట్టిన దండలు

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు మల్లంపల్లి దాటగానే సారంగపాణి కారు ఆగింది. ముందు నుంచి ఆవిరి లేచింది. లోపలి నుంచి సారంగపాణి, ఆయన భార్య భారతి తుమ్ముకుంటూ దిగారు. వెనక వస్తున్న మిర్చి వర్తక సంఘం సభ్యుల బండ్లు కూడా ఆగాయి. నలభై మంది ఓటర్లు రోడ్డు పక్కన నిలబడ్డారు. సంఘం అధ్యక్ష ఎన్నిక మంగళవారం.

సారంగపాణి వరంగల్‌లో అడ్తి వ్యాపారి. రైతులు తెచ్చిన మిర్చిని అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. ఆయన తండ్రి సంఘం ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తా. అధ్యక్షుడి కుర్చీ వెనక నిలబడి కాగితాలు అందించాడు. ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. కొడుకు కూర్చోవాలి. సారంగపాణికి ఉన్న కోరిక అదొక్కటే.

కుర్చీ దక్కాలంటే పెద్దమనిషి కావాలి. పెద్దమనిషికి పెద్ద కారు ఉండాలన్నది సంఘంలో అందరూ ఒప్పుకున్న విషయం. సారంగపాణి అందరికన్నా ఒక మెట్టు పైకెక్కి చిన్న కారు కొన్నాడు. రెండే సీట్లు. విదేశంలో ఒక చిన్న కార్ఖానాలో ఏడుగురు మనుషులు చేత్తో చేసిన కారు అది.

చేత్తో చేసింది కనుక దాని కుడి తలుపు ఎడమ తలుపు కన్నా వేలెడు పొడుగు. ఇది లోపం కాదని, చేతిపని గుర్తని కంపెనీ తెలియజేసింది. వాన పడితే లోపలికి నీళ్లు వస్తాయి. అది సంప్రదాయమని తెలియజేసింది. కింద నూనె కారుతుంది. పళ్లెం పెట్టుకోవాలని సూచించింది. ఆ పళ్లెం కూడా వాళ్లే అమ్ముతారు.

మిర్చి మార్కెట్లో ఏ ఖర్చునైనా క్వింటాళ్లలో చెప్పుకుంటారు. బర్రె రాసుకుపోయి విరిగిన పక్క అద్దం నాలుగు క్వింటాళ్ల తేజ మిర్చి. అద్దం చేసే మనిషి చేపలు పట్టడానికి సెలవు మీద పోయాడు కనుక అది రావడానికి ఒక పంటకాలం పట్టింది. అప్పటిదాకా భారతి తాను బొట్టు పెట్టుకునే అద్దాన్ని కిటికీలోంచి బయటికి పట్టుకుని కూర్చుంది. గోదాములో ఎలుకలు కొరికిన వైర్లు పదకొండు క్వింటాళ్లు. కారు నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర చెక్కలు పరచడానికి ఇద్దరు హమాలీలు ముందు ఆటోలో పోతారు. వాళ్ల కూలి లెక్కలోకి రాదు. వాళ్లు ఎట్లాగూ మార్కెట్‌కే పోవాలి.

కారు మొదటిసారి హనుమకొండ చౌరస్తాలో వేడెక్కి ఆగింది. సంఘంలో అందరికన్నా పెద్దవాడు, అందరూ మామ అని పిలిచే యాకయ్య వచ్చి చూశాడు.

“ఇంజిన్‌కు ఏం కాలే బిడ్డా. దిష్టి తాకింది. ఊరంత దీన్నే చూస్తాంది గదా,” అన్నాడు.

తన దుకాణం నుంచి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ తెప్పించి కారు ముందున్న జాలీకి కట్టాడు. దండ వచ్చేసరికి గంట పట్టింది. కట్టగానే కారు నడిచింది. ఆ గంటలో ఇంజిన్ చల్లబడిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివిన సారంగపాణికి తట్టింది కానీ పైకి అనలేదు. యాకయ్యకు ఓటుంది.

ఇంజిన్‌కు గాలి పోవలసింది ఆ జాలీలోంచే. దండ అడ్డం వచ్చాక కారు మరింత తరచుగా ఆగింది. ఆగినప్పుడల్లా ఒక సభ్యుడు దండ తెచ్చాడు. ఎన్నిక దగ్గరపడ్డాక ఆగకపోయినా తెచ్చారు. ఒకరిది కట్టి ఇంకొకరిది వద్దంటే బాగుండదు. దిష్టికి పచ్చిమిర్చి కట్టడం ఆనవాయితీ. సభ్యులు ఎండుమిర్చి కట్టారు, వాళ్ల సరుకు అదే కనుక. తేజ అమ్మేవాళ్లు తేజ కట్టారు, చపాటా అమ్మేవాళ్లు చపాటా కట్టారు. చపాటా టమాటంత లావుంటుంది కనుక గాలిని బాగా ఆపుతుంది. పోటీ చేస్తున్న ఓంప్రకాశ్ కూడా ఒక దండ కట్టాడు. కట్టకపోతే దిష్టి ఆయనదే అంటారు.

ఇంజిన్ వేడికి ఎండుమిర్చి ఘాటు కారులోకి రావడం మొదలైంది. బయలుదేరేటప్పుడు తుమ్మితే మంచిది కాదు కనుక సారంగపాణి దిగి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కుతాడు. ఎక్కగానే మళ్లీ తుమ్ము వస్తుంది. మార్కెట్‌కు పోయేలోగా రెండు సీసాల నీళ్లు అయిపోతాయి.

పోయిన వారం సంఘం సమావేశంలో ఓంప్రకాశ్ లేచాడు.

“సొంత బండి నడుపరానోడు సంఘం ఏం నడుపుతడన్నా?” అని అడిగాడు.

ఇది ఆలోచించదగిన ప్రశ్న అని సభ అభిప్రాయపడింది. పడిపోయిన మిర్చి ధర, చాలని కోల్డ్ స్టోరేజీ, రైతులకు రావలసిన బకాయిలు అనే అంశాలను వాయిదా వేసి దీన్ని చర్చించారు. చివరికి యాకయ్య తీర్పు చెప్పాడు. సారంగపాణి ఆదివారం తన కారులో పాలంపేట పోయి, రామప్ప గుడి ముందు ఆపి, తిరిగి రావాలి. వస్తే ఓట్లన్నీ ఆయనకే. దారిలో ఆగిపోతే పోటీ నుంచి తప్పుకోవాలి.

మల్లంపల్లి దగ్గర సారంగపాణి కార్ఖానా ఇంజినీరుకు వీడియో కాల్ చేసి కారు చూపించాడు. కారు ముందు వేలాడుతున్నవి ఏమిటని ఇంజినీరు అడిగాడు. రక్షణ ఏర్పాట్లని సారంగపాణి చెప్పాడు. అవి తీసేస్తే కారు నడుస్తుందని ఇంజినీరు చెప్పాడు. ఆ సలహాకు రుసుము అర క్వింటాలు.

“ఇన్నవు గదా,” అంది భారతి. “తెంపి పారెయ్యి. జరసేపైతే సల్లగైతది. పోదాం.”

“మెల్లగ మాట్లాడు. అందరున్నరు.”

“ఉంటె ఏంది? బండి నీదా, వాళ్లదా?”

సారంగపాణి కారు ముందు వంగాడు. సభ్యులు దగ్గరికి వచ్చారు. ఎవరి దండ ఏదో వాళ్లకు తెలుసు. ఆయన చెయ్యి మధ్యలో ఉన్న దండ మీదికి పోయింది. యాకయ్య దగ్గాడు. చెయ్యి పక్కకు జరిగింది.

“సారంగన్నా, అది మాది. నిన్ననే కడితిమి,” అన్నారెవరో.

మిగిలింది ఓంప్రకాశ్ దండ. సారంగపాణి దాన్ని పట్టుకున్నాడు.

“తియ్యన్నా, తియ్యి,” అన్నాడు ఓంప్రకాశ్. “నాదొక్కటే తీస్తే నా కండ్లే పాడుకండ్లని ఊరంత అనుకుంటది. నాకేం ఫికర్ లేదు.”

సారంగపాణి దండను వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. కారు నడవకపోతే కుర్చీ పోతుంది. దండ తీస్తే ఓటు పోతుంది. “నేను తియ్య మామా,” అన్నాడు.

యాకయ్య రోడ్డు పక్కనున్న మైలురాయి ఎక్కి ప్రసంగించాడు.

“సభ్యులారా! పందెం పోతదని ఎరుకైనా మనోడు మన ఒక్క దండ తెంపలే. కారు నడిపేటోళ్లు ఊళ్లె మస్తుమంది ఉన్నరు. మన మాట నిలబెట్టెటోడు ఎవడు? గిసొంటోడు అధ్యక్షుడు గాకపోతే ఇంకెవడైతడు?”

చప్పట్లు కొట్టారు. పందెం రద్దయింది. ఓంప్రకాశ్ అక్కడికక్కడే పోటీ నుంచి తప్పుకుని సారంగపాణిని కౌగిలించుకున్నాడు. మిర్చి బస్తాలు మోసే డీసీఎం లారీ తెప్పించి కారును అందులోకి ఎక్కించారు. పాలంపేటలో దించి, ఫోటో తీసి, మళ్లీ ఎక్కించారు. పత్రికలకు పంపిన ఫోటోలో డీసీఎం లేదు.

మంగళవారం సారంగపాణి అధ్యక్షుడయ్యాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ దాని చేతుల మీద పెట్టుకున్నాడు. ఫోటో తీయడం అయిపోయినా లేవలేదు.

గురువారం పొద్దున భర్త ఆఫీసుకు పోయాక భారతి కత్తెర తీసుకుని దండలన్నీ కత్తిరించింది. మిర్చి మంచి సరుకే కనుక కారం పట్టించడానికి గిర్నీకి పంపింది. తరువాత చెక్కలు పరిచే హమాలీలను ముందు పంపి కారులో పాలంపేట పోయింది. గుడి చూసి తిరిగి వచ్చింది. భర్తకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి సంఘం ఆఫీసు ముందు కారు ఆపింది.

సభ్యులు బయటికి వచ్చి కారు ముందు భాగాన్ని చూశారు.

“వదినె, దండలేవి?” అన్నాడు ఓంప్రకాశ్.

“తీసేసిన. రామప్ప దాక పోయొచ్చిన. పోంగ ఆగలే, రాంగ ఆగలే. తుమ్ము గూడ రాలే.”

“మాది గూడనా వదినె? చపాటాది?” అన్నాడు ఇంకొక సభ్యుడు.

“అది గూడ.”

మధ్యాహ్నం అత్యవసర సమావేశం జరిగింది. సభ్యుల దండలకు అవమానం జరిగిందని, అందుకు బాధ్యత వహించి అధ్యక్షుడు పదవి నుంచి తప్పుకోవాలని యాకయ్య తీర్మానం పెట్టాడు. ఓంప్రకాశ్ బలపరిచాడు. భారతి ఇంకా గుమ్మంలోనే ఉంది.

“బండి నడిచింది మామా. నేను గదే చెప్తాన,” అంది.

“నడుస్తది బిడ్డా, ఎందుకు నడువది,” అన్నాడు యాకయ్య. “మా ఇజ్జత్ సంగతేంది?”

నియమాల ప్రకారం తీర్మానాన్ని అధ్యక్షుడే సభకు చదివి వినిపించాలి. సారంగపాణి కుర్చీలోంచి లేవకుండా చదివాడు. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తాలని కోరాడు. సభ్యులందరూ ఆయన వైపు చూశారు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మొదట లేచిన చెయ్యి అధ్యక్షుడిది.